ప్రింటరు చిరునామా



కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబమునకు బదిలీ క్రొత్త కాదు. ఉద్యోగి వేరొక క్వార్టర్సునకు మారును. బంధువులు మాత్రము కొంతకాలము పాత చిరునామాకే ఉత్తరములు వ్రాయుచుందురు. అవి మరలి వచ్చును. అంతమాత్రమున ఆ మనిషికి కీడు జరిగినదని ఎవరును తలంపరు. ఇంటిలోని వైఫై ప్రింటరు మాటిమాటికి "ఆఫ్‌లైన్" అని చూపుటకును తరచుగా కారణమిదియే. యంత్రము బాగుగనే యుండును. దాని చిరునామా మారియుండును.

ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును. కాని తెల్లవారి పరీక్షకు పోవలసిన అమ్మాయి, రాత్రి పదిగంటలకు హాల్ టిక్కెట్టు అచ్చు కాక కంట నీరు పెట్టుకొనునప్పుడు అది స్వల్పము కాదు. మంచి యంత్రమును చెడినదని తలచి, వేల రూపాయలు పోసి క్రొత్తది కొనువారును కలరు.

ఇంటిలోని ఫోను, కంప్యూటరు, ప్రింటరులలో ప్రతిదానికిని రౌటరు 192.168.1.5 వంటి అంకెల చిరునామా నొసగును. ఈ ఏర్పాటునకు డీహెచ్‌సీపీ అని పేరు. దీని నిబంధనలు మొదట 1993లో వెలువడినవి. ఆ చిరునామా శాశ్వతమైన హక్కు కాదు, గడువుగల కౌలు. వాడుకలో నున్న పరికరము గడువు సగమైనంతనే కౌలును పొడిగించుమని కోరును. దినముల తరబడి ఆపియుంచిన ప్రింటరు అట్లు కోరజాలదు. గడువు తీరిన పిదప ఆ అంకె వేరొక ఫోనునకు పోవచ్చును. ప్రింటరును మరల వెలిగించినప్పుడు దానికి క్రొత్త అంకె లభించును. కంప్యూటరు పాత అంకెనే పిలిచి, బదులు రాక, "ఆఫ్‌లైన్" అనును.

అన్నింటిని ఆపి వెలిగించినచో ఒక్కొక్కప్పుడు పని సాగును; కారణము మాత్రము అట్లే నిలిచియుండును.

పరీక్షింపవలసిన క్రమమిది. ముందుగా ప్రింటరు మీటల నుండియే నెట్‌వర్క్ వివరముల పుటను అచ్చు వేయవలెను. ప్రింటరు, కంప్యూటరు ఒకే వైఫైలో నున్నవో లేదో చూడవలెను. పెక్కు ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకొనగలవు. అతిథులకై ఏర్పరచిన వైఫైలో చేరిన ప్రింటరు తక్కిన పరికరములకు సాధారణముగా కనబడదు. పిదప ఆ పుటలోని అంకెను, కంప్యూటరులో ప్రింటరు "పోర్టు" వద్దనున్న అంకెతో పోల్చవలెను. రెండును వేరైనచో దోషము దొరికినట్లే. ఒకటే యైనచో, విండోస్‌లో "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" అనుదానికి టిక్కు పడియున్నదేమో చూచి తీసివేయవలెను. వరుసలో చిక్కుకొన్న పాత పనులను రద్దు చేయవలెను.

శాశ్వతమైన మందు రౌటరులోనే కలదు. ప్రింటరునకు తయారీనాడే "మ్యాక్" అను గుర్తింపు సంఖ్య నిచ్చెదరు. అదియు ఆ పుటలోనే యుండును. రౌటరులో "అడ్రస్ రిజర్వేషన్" అనుచోట ఆ సంఖ్యకు ఒక చిరునామాను కేటాయించినచో, రౌటరు దానిని మరి దేనికిని ఇయ్యదు. తరువాత కంప్యూటరులో అదే చిరునామాతో టీసీపీ/ఐపీ పోర్టును ఏర్పరచవలెను. రౌటరును మార్చిననాడు ఈ కేటాయింపు మరల చేయవలసియుండును.

ఈ పనికి అరగంట చాలును. ఆ అరగంటను పరీక్ష ముందటి రాత్రి గాక, తీరికగల ఒక ఆదివారమున వెచ్చించుట ఉత్తమము.