మాస్కోలో మన రాయబారం



కర్ణాటకలో ఉన్నా మన చింతామణిలో తెలుగు సభ పెట్టడానికి ఆహ్వానపత్రాలు అచ్చు వేయించక్కర్లేదు, టమాట మండీలో నిలబడితే చాలు. అయినా శ్రమపడి అందరినీ ఒకచోట చేర్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఈసారి చర్చకు ‘సాంస్కృతిక రాయబారం’ అనే అంశం ఇచ్చారు. రాయబారం అనగానే మనకు తిరుపతి వేంకట కవుల కృష్ణుడే గుర్తొస్తాడు. సంధి కుదరలేదు గానీ పద్యాలు ఊరూరా నిలిచిపోయాయి. ప్రభుత్వాలు నడిపే రాయబారాలన్నీ ఇంచుమించు ఇంతేనని నా అభిప్రాయం.

తెలుగువాళ్లలో పెద్ద రాయబారి అంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరే చెప్పుకోవాలి. ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరిది, పుట్టింది తిరుత్తణిలో. అంటే మనలాగే సరిహద్దు మనిషి. 1918 నుంచి మూడేళ్లు మైసూరు మహారాజా కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పారు. కలకత్తాకు బయల్దేరిన రోజున విద్యార్థులు ఆయన బండిని పూలతో అలంకరించి, గుర్రాలను విప్పేసి, తామే రైలు స్టేషన్ దాకా లాక్కెళ్లారంటారు. అలాంటి మేష్టారిని నెహ్రూ 1949లో మాస్కోకు పంపారు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి వదులుకోకుండానే ఆయన వెళ్లారు. దౌత్యంలో శిక్షణ లేదు, కమ్యూనిజం మీద మొగ్గు అసలే లేదు. ఆయనకు ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ ఒక్కసారి కూడా దర్శనమివ్వలేదు. ఈయన్ని మాత్రం కొద్ది నెలలకే, 1950 జనవరిలో పిలిపించుకున్నాడు.

ఆ మాటల్లో అశోకుడి ప్రస్తావన వచ్చిందని చెబుతారు. నెత్తుటి విజయం తర్వాత కత్తి దించిన చక్రవర్తి మాకొకడున్నాడు, మీకూ అలా జరగొచ్చేమోనన్నారట ఈయన. స్టాలిన్ నొచ్చుకోలేదు సరికదా, తానూ కొన్నేళ్లు మతపాఠశాలలో చదివినవాడినేనని గుర్తుచేశాడట. ఎదురుగా ఫైలు పెట్టుకుని కూర్చున్న అధికారికి అశోకుడి మాట ఎత్తే నోరు రాదు. 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకుంటూ ఆ నియంత చెంప నిమిరారన్న కథ కూడా ఉంది. ఈ రెండు భేటీల నడుమ, 1951లో, మన తిండి కరువుకు సోవియట్ గోధుమలు ఓడల్లో దిగాయి. అదంతా ఈయన చలవేనని నేననను. మన మాట చెవిన పడే వీలు కల్పించారు, అంతవరకు చాలు.

అయితే బాగేపల్లి పాఠకుడికి రష్యాను దగ్గర చేసింది ఆ భేటీలు కావు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెల్లదొరల కాలంలోనే తెలుగు చేశారు. తర్వాత వుప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలోనే కాపురముండి అనువాదాలు చేశారు. గట్టి అట్టలు, రంగు బొమ్మలు, చేతిలో ఉన్న చిల్లరకు అందే ధర. విశాలాంధ్ర దుకాణాల్లో ఆ పుస్తకాలు కొని పెరిగిన తరం ఒకటుంది. పార్టీ ప్రసంగాల సంపుటాలూ వచ్చాయి, వాటిని పేజీ కత్తిరించి చదివినవాళ్లు తక్కువ. టాల్‌స్టాయ్, చెహోవ్ మాత్రం అట్టలు ఊడేదాకా చేతులు మారారు. 1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది, పాత పుస్తకాల అంగళ్లలో వాటి కోసం వెతకడం మాత్రం ఆగలేదు.

ఇక మన సంగతి. బాగేపల్లి బస్సు బోర్డు కన్నడంలో ఉంటుంది, అందులో చిల్లర కోసం తగాదా తెలుగులో నడుస్తుంది. చిక్కబళ్లాపురం పిల్లవాడు బడిలో కువెంపును చదువుతాడు, ఇంటికొచ్చి అమ్మతో తెలుగు మాట్లాడతాడు, శ్రీశ్రీని మాత్రం చదవలేడు, అక్షరాలు రావు గనుక. గాజులమ్మే ఇంట పుట్టిన కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడాడు. ఆయన తెలుగు కీర్తనల్ని కూడా ఇక్కడ చాలామంది కన్నడ లిపిలో చూసుకునే పాడుతున్నారు. రెండు భాషలూ ఇంత సొంతమైన చోట అనువాదాలు పుంఖానుపుంఖంగా రావాలి. రావడం లేదు. మాస్కోలో లాగా జీతమిచ్చి కూర్చోబెట్టేవాళ్లు మనకు లేరు.

అందుకని ఒక సూచన. వచ్చే ఏడు శాలువాలు, జ్ఞాపికలు మానేద్దాం, నాకు కప్పినదానితో సహా. ఆ డబ్బు ఒక అనువాదకుడికిద్దాం. ముందుగా తాతయ్య తెలుగు కీర్తనలు, ఎదురెదురు పేజీల్లో రెండు లిపుల్లో వేద్దాం. భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం. ఏ కన్నడ పుస్తకాన్ని ఎవరు తెలుగు చేస్తారో, ఏ తెలుగు పుస్తకాన్ని ఎవరు కన్నడం చేస్తారో పేర్లు రాసుకుని రండి.