అడ్డు తీసే చేతులు

 

ఈరోజు పట్టాలు అందుకున్న మీకు చదువు విలువ నేను చెప్పనక్కర్లేదు. చదవాలని ఉండీ బడికి దూరమైన ఆడపిల్లల గురించి నాలుగు మాటలు చెబుతాను. 2023లో యునెస్కో వేసిన లెక్కలో ప్రపంచమంతటా బడికి దూరమైన ఆడపిల్లలు 12 కోట్ల 20 లక్షల మంది. వాళ్లను ఆపిందేమిటి?

బిహార్‌లో దూరం ఆపింది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే ఈడొచ్చిన పిల్లను అంత దూరం పంపడానికి ఇంట్లోవాళ్లు జంకేవారు. 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. దానివల్ల ఆ వయసు అమ్మాయిల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ తేల్చారు. బడి దూరమైన ఊళ్లలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించింది.

కెన్యాలో నెలసరి ఆపింది. ప్యాడ్లు కొనే స్తోమత లేని పిల్లలు ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండిపోయేవారు. బడిపిల్లలకు వాటిని ఉచితంగా ఇవ్వాలని 2017లో ఆ దేశం చట్టం చేసింది.

సియెర్రా లియోన్‌లో ప్రభుత్వమే ఆపింది. ఎబోలా కాలంలో బడులు మూతపడి, ఎందరో బాలికలు గర్భవతులయ్యారు. ఆదుకోవలసిన ఆ పిల్లలను బడికి రానివ్వకూడదని 2015లో నిషేధం పెట్టారు. అది చెల్లదని పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2019లో తీర్పునిచ్చింది. మరుసటి మార్చిలో నిషేధం తొలగింది.

అఫ్గానిస్థాన్‌లో అడ్డు ఇంకా అలాగే ఉంది. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నారని నమ్మి అమ్మాయిలు పుస్తకాలతో వచ్చారు. కొన్ని గంటలకే పాలకులు వాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు. వాళ్లు ఏడుస్తూ తిరిగివెళ్లడం లోకమంతా చూసింది. అయినా అక్కడ ఇళ్లలో గుట్టుగా పాఠాలు సాగుతూనే ఉన్నాయి. చెప్పేవారికీ వినేవారికీ అది ప్రాణాపాయమే.

ఈ నాలుగు చోట్లా పిల్లల పట్టుదలకు కొదవ లేదు. అడ్డు ఏదైనా, తొలగించినచోట తొలగించింది మనుషులే. సైకిలు పథకానికి సంతకం పెట్టిన అధికారి, కోర్టులో వాదించిన న్యాయవాది, తలుపు వేసుకుని పాఠం చెప్పే టీచరు ఒకప్పుడు మీలా చదువు ముగించి బయటికొచ్చినవాళ్లే.

రేపు మీలో ఒకరి బల్ల మీదికి బడి మరుగుదొడ్ల ఫైలు వస్తుంది. దాన్ని ఒక్కరోజు కూడా ఆపకండి. ఇంకొకరు బస్సు రూటు వేస్తారు. బడి వేళకు ఆ బస్సు అందుతుందా అని అడగండి. ఇంటర్ చదివే చెల్లెలికి మంచి సంబంధం వచ్చిందని ఇంట్లో అంటే, ఆమె తరఫున ముందుగా మీరే నోరు విప్పండి. ఈ పట్టాతో మీ మాటకు ఇంట్లోనూ ఊళ్లోనూ విలువ పెరిగింది. ఆ విలువను ఇంకా బడి దాటని ఆడపిల్ల కోసం వాడండి.