ఆ పాత మెమరీ కార్డు పారేయకండి



తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో ట్రంకు పెట్టెలోనో, అటక మీదో పాత మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్, సీడీ ఏమైనా పడి ఉందా? పాడైపోయిందని పక్కన పడేశారా? ఈరోజు నేను మాట్లాడేది దాని గురించే. ఇది కంప్యూటర్ పాఠం అనుకోకండి. ఇది మన భూమి సంగతి.

2022 జూలైలో వచ్చిన గోదారి మీకు గుర్తుంది కదా. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. వరద తీశాక ఇల్లు కడుక్కుంటుంటే, మా పెట్టె అడుగున బురదలో ఒక మెమరీ కార్డు దొరికింది. 2 జీబీది. అందులో మా గూడెం పెద్దలు పోడు భూముల గురించి చెప్పిన వీడియోలున్నాయి. ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా ఎవరు పోడు కొట్టారు, ఎవరి సమాధులు ఎక్కడున్నాయి, అన్నీ చెప్పారు. అలా చెప్పినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మా తాత కూడా లేడు.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. కార్డు ఆరాక కంప్యూటర్‌లో పెట్టాను. వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని వచ్చింది. ఆలోచించకుండా సరే అని నొక్కేశాను. కార్డు ఖాళీ. గూడెంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే, తుడిచేసిందీ నేనే. ఆ రాత్రి మా నాయనమ్మ ముఖం చూడలేకపోయాను.

తర్వాత తెలిసింది, అంతా పోలేదని. ఎందుకో చూడండి. రేషన్ జాబితాలో మీ పేరు కొట్టేస్తే మీరు లేకుండా పోతారా? లేదు, మీ ఇంట్లోనే ఉంటారు. కార్డులో కూడా అంతే. ఫైల్ తీసేసినా, మామూలుగా క్విక్ ఫార్మాట్ చేసినా పోయేది జాబితానే. లోపలి సమాచారం చాలావరకు అక్కడే ఉంటుంది. దాని మీద కొత్త ఫైల్ వచ్చి కూర్చుంటే మాత్రం ఇక తిరిగి రాదు. నా అదృష్టం, ఆ కార్డులో ఎవరూ సినిమా పాటలు ఎక్కించలేదు.

అందుకే మొదటి పని, ఆగడం. ఫార్మాట్ వద్దు. రిపేర్ చేయమంటారా అని అడిగినా వద్దనండి. కొత్తగా ఏదీ కాపీ చేయొద్దు. చిన్న కార్డును పెద్ద అడాప్టర్‌లో పెడితే పక్కన లాక్ బుడిపె ఉంటుంది, దాన్ని కిందికి జరపండి.

రెండో పని, మొత్తం కార్డుకి నకలు తీయడం. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు బాగున్న భాగాలు చదివేసుకుని, తర్వాత పాడైన చోట్లకి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఆ తర్వాత పనంతా నకలు మీదే చేయాలి, అసలు కార్డును ముట్టుకోవద్దు. నకలులోంచి ఫైళ్ళు వెతకడానికి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ ఉన్నాయి. అవీ ఉచితమే. దొరికినవి వేరే డిస్క్‌లో దాచాలి.

హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేయండి. విప్పొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అది ల్యాబ్ పని. ఖర్చు ఎక్కువే, గూడెమంతా చందా వేసుకోవాల్సిందే. నీళ్ళలో తడిసిన హార్డ్ డిస్క్‌ని ఆన్ చేయొద్దు. తడిసిన మెమరీ కార్డుని మంచినీళ్ళతో కడిగి, నీడలో కొన్ని రోజులు ఆరనివ్వండి. పొయ్యి దగ్గర వద్దు. సీడీని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. సీడీలో సమాచారం ఉండేది పేరు రాసే వైపు పొర కిందే. ఆ వైపు గీతలు పడితే ఎక్కువ నష్టం.

అన్నీ వస్తాయని చెప్పను. ఇప్పటి ఫోన్ లోపలి మెమరీలోంచి చెరిపేసినవి సాధారణంగా తిరిగి రావు. ముందు ట్రాష్ ఫోల్డర్ చూడండి. షాపులో ఇస్తే వదిలేసి రాకండి, పక్కనే కూర్చోండి. అందులో మన ఆధార్లు, మన ఆడవాళ్ళ ఫోటోలు ఉంటాయి.

మా కార్డులో పదకొండు వీడియోలకి మూడు దొరికాయి. ఫోటోరెక్ ఫైల్ తెస్తుంది గానీ పాత పేరు తేదు. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. ఒక దాంట్లో బొమ్మ సరిగ్గా లేదు, మాట మాత్రం ఉంది. నాయనమ్మ దగ్గర పెట్టాను. రెండు మాటలు వినగానే "మీ తాతరా" అంది. ఆ తర్వాత ఆయన చెప్పిన ప్రతి వాగు పేరునీ ఆమే విడమరిచి చెప్పింది.

ఇది ఎందుకంత ముఖ్యం? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి మనం ఆ భూమిలో ఉన్నామని చూపించాలి. నిబంధనల్లో 13వ నిబంధన చదవండి. పట్టా కాగితాలే కాదు, బావులు, సమాధులు, గట్లు, వంశవృక్షం కూడా ఆధారాలే. హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట కూడా ఆధారమే. కానీ దాన్ని రాతలో పెట్టాలి. ఒక్క ఆధారంతో సరిపోదు, ఒకటికి మించి ఉండాలి. అందుకే వీడియో దొరికిందని ఆగిపోకండి. మేము తాత మాటలు రాసుకున్నాం. ఆయన చెప్పిన చోటికి అటవీ హక్కుల కమిటీతో వెళ్ళి సమాధి రాళ్ళు చూశాం. బతికున్న పెద్దలతో చెప్పించి, రాయించి, గ్రామసభలో చదివించాం. మా క్లెయిము ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు మా చేతిలో ఆధారం ఉంది.

విలీన మండలాల వాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. 2014లో రాష్ట్రం మారింది, జిల్లా మారింది. 2022లో మళ్ళీ జిల్లా మారింది. మనం ఊరు కదలకపోయినా మన ఫైళ్ళు మాత్రం ఆఫీసులు తిరిగాయి. అందుకే మన నకలు మన దగ్గర ఉండాలి.

ఈ నెలలో ప్రతి గూడెంలో ఇద్దరు ముందుకు రండి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. పాత కార్డులు, సీడీలు పోగు చేయండి. ఎవరిది, ఏ ఏడుది అని కవరు మీద రాయండి. అసలు కార్డును ఆ కవర్లోనే దాచండి. మూడు నకళ్ళు తీయండి, అందులో ఒకటి వరద రాని ఊళ్ళో పెట్టండి. పేర్లు చెప్పడానికి పెద్దల్ని కూర్చోబెట్టండి. కార్డు పాడైతే ప్రోగ్రాం ఉంది. ఆ గొంతు ఎవరిదో చెప్పే మనిషి వెళ్ళిపోతే ఏ ప్రోగ్రామూ లేదు.

జల్, జంగల్, జమీన్ మనదే! జై ఆదివాసీ!