బహిరంగ వైఫైలో మన కంప్యూటర్: ఫైర్‌వాల్ ఎంపిక గురించి

(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ గురించి మాట్లాడుకొనే వేదిక మీద కంప్యూటర్ రక్షణ గురించి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేడు రైల్వే ఉద్యోగి పాసు తీసుకోవలెనన్నా హెచ్.ఆర్.ఎమ్.ఎస్.లో ప్రవేశించవలసిందే. తపాలా కౌంటరు వద్ద జరిగే ప్రతి లావాదేవీ గుమాస్తా యూజర్ ఐడి మీదనే నమోదవుతున్నది. ఆ ఐడి పరుల చేతిలో పడితే మొదట సంజాయిషీ చెప్పుకోవలసినది మనమే. రైల్వేలో ఎస్.ఎఫ్. 11, తపాలాలో రూల్ 16 కింద ఛార్జిషీటు, ఆపైన జీతంలో నుండి రికవరీ! కనుక ఇది మన జీతపు రాళ్లకు సంబంధించిన విషయమే.

2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలైన రైల్‌టెల్ ఉచిత వైఫై తరువాతి సంవత్సరాలలో 6,000కు పైగా స్టేషన్లకు విస్తరించింది. డ్యూటీ దిగి బండి కోసం వేచియున్న వేళ మన సోదరులు కూడా అక్కడ లాప్‌టాప్ తెరుస్తున్నారు. అందులో తప్పు లేదు. అయితే ఇంటి నెట్‌వర్కులో ఉన్నవి మన యంత్రాలు. స్టేషనులోను, లాడ్జిలోను ఉన్నవి అపరిచితుల యంత్రాలు. నిర్వాహకులు వాటిని విడదీసి ఉంచని యెడల ఒక యంత్రం మరొకదాని తలుపు తట్టగలదు. విడదీసినారో లేదో వాడుకొనేవారికి బయట నుండి కనిపించదు. అందుచేత మన తలుపు గడియ మనమే చూసుకోవలసి ఉన్నది.

ఆ గడియ పేరే ఫైర్‌వాల్. ఆర్.ఎమ్.ఎస్.లో సార్టరు కవరు మీది చిరునామా చూసి సంచీలో వేస్తాడు గాని లోపలి ఉత్తరం చదవడు. ఫైర్‌వాల్ పని ప్రధానంగా అట్టిదే. వచ్చిన ప్యాకెట్ ఏ చిరునామా నుండి, ఏ పోర్టుకు వచ్చినదో చూస్తుంది. మనం పంపిన విన్నపానికి జవాబైతే లోనికి రానిస్తుంది. పిలవకుండా వచ్చినదైతే ఆపివేస్తుంది. లైన్ క్లియర్ లేనిదే బండిని బ్లాక్ సెక్షనులోకి పోనివ్వకుండుట వంటిదే ఇది.

ఈ గడియ విలువ ఎంతటిదో 2003 ఆగస్టులో లోకానికి తెలిసివచ్చినది. బ్లాస్టర్ అనే పురుగు, వాడుకదారుడు ఏమీ నొక్కకుండానే, 135వ పోర్టు గుండా విండోస్ యంత్రాలలో దూరినది. విండోస్ ఎక్స్‌పీలో 2001 నుండే ఫైర్‌వాల్ ఉన్నది. కాని దానిని నిద్రపుచ్చి అమ్మినారు. 2004 ఆగస్టులో విడుదలైన రెండవ సర్వీస్ ప్యాక్‌తో గాని అది తనంతట తాను పనిచేయుట మొదలుకాలేదు. 2017 మే 12న వాన్నాక్రై 445వ పోర్టు గుండా దేశదేశాల యంత్రాలను చుట్టుముట్టినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కినవి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే విడుదలై ఉన్నది! గడియ ఉండుట చాలదు, అది వేసి ఉండవలెను. గోడకు పడిన బీటలను ఎప్పటికప్పుడు పూడ్చవలెను. ఈ రెండు పాఠాలు అనుభవం నేర్పినవి.

ఇక ఎంపిక విషయం. మొదటి మాట: కొనుటకు ముందు ఉన్నదానిని చూడండి. విండోస్ 10, 11లలో ఫైర్‌వాల్ ఉచితంగానే ఉన్నది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, అది పనిచేయుచున్నదో లేదో చూడవలెను. స్టేషన్ వైఫైలో చేరినపుడు ఆ నెట్‌వర్కును ‘ప్రైవేట్’ అని కాక ‘పబ్లిక్’ అని గుర్తించవలెను. అక్కడ ఫైళ్ల పంపకాన్ని ఆపివేయవలెను. లోనికి వచ్చేవాటినన్నిటినీ ఆపే గడి కూడా అందులోనే ఉన్నది. బహిరంగ స్థలంలో దానిని టిక్కు పెట్టుకొనుట మేలు. మాక్ యంత్రంలోను, ఉబుంటులోను ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ ఆపివేసి ఉండవచ్చును, చూసి తెరవండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అప్‌డేట్లు అందని యంత్రాన్ని ఏ ఫైర్‌వాల్ కూడా పూర్తిగా కాపాడలేదు.

రెండవ మాట: వేరొకటి ఎప్పుడు కావలెను? విండోస్ ఫైర్‌వాల్, మార్చనంత వరకు, బయటికి పోయే ప్రోగ్రాములను సాధారణంగా అడ్డగించదు. ఏ ప్రోగ్రాము ఎక్కడికి సమాచారం పంపుచున్నదో అదుపులో ఉంచదలచినవారు టైనీవాల్ వంటి ఉచిత సాధనాన్ని చూడవచ్చును. అది విండోస్ సొంత జల్లెడనే వాడుకొంటుంది. ఏది ఎంచుకొన్నా ఈ ప్రశ్నలు వేయండి: తయారీదారుడెవరు? వారి సొంత వెబ్‌సైటు నుండే దిగుమతి చేసుకొనుచున్నామా? అప్‌డేట్లు క్రమంగా వస్తున్నవా? ఉచిత గడువు తీరిన తరువాత రక్షణ ఉంటుందా, ఊడుతుందా? క్షణానికొక ప్రశ్న వేసి, చివరికి విసిగి అన్నిటికీ ‘సరే’ నొక్కే స్థితికి తెచ్చునా? రెండు ఫైర్‌వాల్ ప్రోగ్రాములను ఒకేసారి నడపరాదు, ఒకదానికొకటి అడ్డుపడును. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకినది, వెంటనే ఇది వేసుకోండి’ అని తెర మీదికి దూకే ప్రకటనను నమ్మరాదు. కాపలాదారు వేషంలో దొంగ వచ్చే దారి అదే.

మూడవ మాట: ఫైర్‌వాల్ చేయలేనిది. స్టేషన్ వైఫై పేరుతోనే మరొకడు దొంగ వైఫై పెట్టినచో అది పసిగట్టలేదు. బ్యాంకును పోలిన నకిలీ పేజీలో మనమే పాస్‌వర్డు టైపు చేసినచో, ఫోనులో ఓటీపీ చెప్పినచో, ఆపలేదు. కనుక డబ్బుకు సంబంధించిన పనులను స్టేషన్ వైఫైలో కాక సొంత మొబైల్ డేటా మీదనే చేయుట క్షేమం. మోసం జరిగినచో తడవు చేయక 1930కి ఫోను చేయవలెను.

చివరిగా యూనియన్ చేయవలసిన పని. కార్యాలయపు కంప్యూటర్లలో మనంతట మనము ఏ సాఫ్ట్‌వేరునూ చేర్చరాదు. ఆ బాధ్యత యాజమాన్యానిది. ఆఫీసు పనిని సొంత లాప్‌టాప్‌లో, దొరికిన వైఫైలో చేయమని మౌఖికంగా ఆదేశించినచో, ఆ ఆదేశాన్ని లిఖితపూర్వకంగా ఇమ్మని కోరవలెను. పని శాఖదైనప్పుడు యంత్రమూ, నెట్‌వర్కూ శాఖవే కావలెను. రద్దీ వేళ తోటివారికి ఐడి, పాస్‌వర్డు ఇచ్చే అలవాటును మాత్రం మనమే మానుకోవలెను. సిబ్బంది కొరత వలన ఆ అవసరం కలుగుచున్నదనుట నిజమే, కాని ఛార్జిషీటులో కొరత పేరు ఉండదు, ఐడి గలవాని పేరే ఉంటుంది.

అట్టి ఛార్జిషీటు ఏ సభ్యునికైనా వచ్చినచో కార్యదర్శులు మొదట అడగవలసినది లాగ్ రికార్డులు: ఏ యంత్రం నుండి, ఏ చిరునామా నుండి, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఆ ఐడి వాడబడినది? ఈ వివరాలను వ్రాతమూలకంగా కోరి, ఆ సమయపు డ్యూటీ చార్టుతో సరిపోల్చి, ఆ తరువాతనే జవాబు దాఖలు చేయించండి. మీ శాఖలకు తిరిగి వెళ్లిన వారంలోగా సభ్యుల లాప్‌టాప్‌లను ఒకచోట చేర్చి, ఫైర్‌వాల్ తెరిచి ఉన్నదో లేదో చూసే కార్యక్రమం పెట్టవలసిందిగా కోరుతున్నాను.