ఈగను రమ్మనే ఈస్ట్

బాగా మగ్గిన అరటిపండును కాసేపు వదిలేస్తే చాలు, ఆవగింజంత ఈగలు ఎక్కడినుంచో వచ్చి ముసురుతాయి. పండు వాసనకే వచ్చాయనుకుంటారు చాలామంది. నిజానికి వాటిని ఎక్కువగా లాగేది పండు మీద పెరిగే ఈస్ట్.

కల్లును పులియబెట్టేదీ ఈస్టే. కంటికి కనిపించని ఈ ఏకకణ జీవి పండులోని చక్కెరను తింటూ ఆల్కహాలుతో పాటు అసిటేట్ ఎస్టర్లనే తీయని పరిమళాలను వదులుతుంది. అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్ అందులో ఒకటి. వీటి తయారీలో ఏటీఎఫ్1 అనే జన్యువుది ముఖ్యపాత్ర. బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు ఆ జన్యువు తీసేసిన ఈస్ట్‌ను ఈగల ముందు పెట్టి చూశారు. ఈగలు దానికంటే మామూలు ఈస్ట్ వైపే ఎక్కువగా మొగ్గాయి. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

మరి ఈస్ట్‌కేం లాభం?

దానికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. వాలిన ఈగ ఒంటికి అంటుకుని మరో పండుకు చేరుతుంది. ఈగకూ దాని పిల్లపురుగులకూ ఈస్ట్ మంచి ఆహారం. ఇంత చిన్న జీవి తన ప్రయాణానికి ఇంత చక్కని ఏర్పాటు చేసుకోవడం అబ్బురమే.

అన్ని వాసనలూ రమ్మనవు. తొలకరి మట్టివాసనలోని జియోస్మిన్‌ను స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా, కొన్ని బూజులు తయారుచేస్తాయి. అది తగిలిన చోట ఈ ఈగ తినదు, గుడ్లు పెట్టడానికీ వెనకాడుతుంది. హానిచేసే బూజు ఉందని ఆ వాసనే హెచ్చరిస్తుంది. దాన్ని పసిగట్టడానికే ఈగ మీసాలలో ప్రత్యేక నాడీకణాలున్నాయి. అదే జియోస్మిన్ నేలలోని స్ప్రింగ్‌టెయిల్ అనే చిట్టి జీవులను మాత్రం దగ్గరికి రప్పిస్తుంది. అవి ఆ బ్యాక్టీరియాను తిని, దాని సిద్ధబీజాలను దూరంగా మోసుకెళతాయి.