కృష్ణ కడలి జేరు చోట



మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడి చేలలో పుట్టి పెరిగినవారికి కృష్ణ యనగా కాలువలో వచ్చు నీరు. ప్రత్తికొక తడి, మిరపకొక తడి. అంతకుమించి ఆ నదిని తుదివరకు వెంబడించి చూచినవారు మనలో కొలదిమందియే. ఆమె సముద్రమున గలియుచోట దీవుల వరుస యొకటి కలదు. కల్లములలో మిరప యెత్తివేసిన పిదప, ఎండలు ముదురకముందే, మేము ముగ్గురము కారులో నచ్చటికి బోయి, మూడు దినములుండి, ఛాయాచిత్రములు తీసికొని వచ్చితిమి. ఆ సంగతి నేడు మనవి చేసెదను.

గుంటూరునుండి తెనాలి, రేపల్లెల మీదుగా పెనుమూడి చేరవలెను. అచ్చట కృష్ణపై వంతెన గలదు, ఆవలియొడ్డు పులిగడ్డ. పులిగడ్డ కడ నది చీలును. ఒక పాయ తూర్పుగా హంసలదీవి వైపునకు బోవును. పెద్దపాయ దక్షిణముగా సాగి, కడలి దాపున మరల మూడుగా విడివడును. ఈ పాయల నడిమి నేలయే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక దాటి ఏటిమొగ చేరునప్పటికి బాట ముగిసినది. అచ్చట కారును పంటుపై నెక్కించి ఎదురుమొండి దీవికి దాటితిమి. ఆ పంటుపై మాతోగూడ మోటారు సైకిళ్లు, బియ్యపు బస్తాలు, పుస్తకముల సంచితో నొక బడిపంతులుగారు, ఒక పెండ్లివారి సామానును వచ్చినవి. మనకు వినోదయాత్రయైనది వారికి నిత్యపు బాట యని యచ్చటనే తెలిసినది.

ఛాయాచిత్రముల మాట. మన కన్నులు మిరప యెరుపునకును ప్రత్తి తెలుపునకును అలవాటుపడినవి. అచ్చట నా రెండును లేవు. బురద రంగు, ఆకుపచ్చ, నీటి వెండి మెరుపు. మిట్టమధ్యాహ్నము కెమెరా తెరచిన యెడల చిత్రమంతయు తెల్లబారును. ప్రొద్దుపొడిచిన తరువాతి గంట, ప్రొద్దుగ్రుంకుటకు ముందరి గంట మాత్రమే పనికివచ్చును. పోటుపాటుల లెక్కయు తెలిసియుండవలెను. సముద్రము దినమునకు రెండు మారులు పొంగి రెండు మారులు తీయును. ఆ వేళ ప్రతిదినము సుమారు 50 నిమిషములు వెనుకబడును. కావున నేడు ఉదయము 7 గంటలకు బురదమేట యున్నచోట, వారము గడచినపిమ్మట అదే వేళకు నిండునీరు నిలుచును. ఈ లెక్క పంచాంగము చూడని జాలరి పిల్లవానికిని కంఠస్థము.

మా చిత్రములలో మిక్కిలి మంచివి మడ అడవులవి. ఉప్పునీటిలో పెరుగు చెట్లవి. తెల్లమడ వేళ్లు భూమిలోనికి గాక పైకి, బురదలో మేకులు నాటినట్లు లేచియుండును. ఊపిరి యాడుట కట్లు లేచునట. తిల్లచెట్టు పాలు కంటబడిన ప్రమాదమని పడవవాడు మమ్ము కొమ్మ ముట్టనీయలేదు. చేపలను వేటాడు బావురుపిల్లి యా యడవులలో గలదు గాని, మాకు దాని యడుగుజాడ మాత్రమే దక్కినది. కొన్నియెడల మడ నరికి రొయ్యల చెరువులు త్రవ్వియుండుట జూచి మనసు కలతపడినది. కడుపుకూటికై చేసినవారిని నిందింపను. కాని యలకు అడ్డుగా నిలుచునది ఆ చెట్టే గదా!

మనమును ఆలోచింపవలసిన దొకటి కలదు. 1967లో నాగార్జునసాగర్ నీరు వదలినది మొదలు కుడికాలువ మన మెట్టచేలను మాగాణి చేసినది. కాని నది మోసుకొనివచ్చు ఒండ్రు చాలవరకు ఆనకట్టల వెనుకనే నిలిచిపోవును. ఆ ఒండ్రుతోనే పుట్టిన యీ దీవుల యంచులు మేట తరిగి కొన్నిచోట్ల కోసికొనిపోవుచున్నవి. మన చేను పండుటకును, వారి గట్టు తరుగుటకును నడుమ నున్న యీ బంధము అచ్చటికి బోవువరకు నాకు తోచలేదు.

1977 నవంబరు 19వ తేదీని ఆ సీమలో తేదీగా జెప్పరు; "ఉప్పెననాడు" అందురు. గాలివానతో సుమారు 5 మీటర్ల యెత్తున సముద్రము లేచి మైళ్లకొలది లోపలికి వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి యూళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వపు లెక్కయే సుమారు 10,000 మంది. అంతకు మించెనను వారు పెక్కురు.

మూడవనాటి సాయంకాలము ఒక గ్రామమున, వలలు బాగుచేయు వారి చిత్రములు తీయుచుండగా, ఒక వృద్ధురాలు వచ్చి నిలిచినది. ఉప్పెననాటికి ఆమె క్రొత్తకోడలట.

"అన్నయ్యా, ఆ బొమ్మలు మీ రేం జేసుకుంటారు?" అని అడిగినది.

"చూచుకొని ముచ్చటపడుటకే యమ్మా" అంటిని.

"మా అత్తమామలు, మరుదులు, ఇద్దరాడబిడ్డలు పోయారు. ఒక్కరి బొమ్మా లేదు. ముఖాలు నాకే మసకైపోతున్నాయి. నా బొమ్మొకటి తీసి కాగితమ్మీద ఇయ్యండి. మా పిల్లలకు నేనైనా ఉంటాను" అన్నది.

నేను నోరెత్తలేకపోతిని. మా అన్నగారి మనుమడు ఆమెను పొద్దువైపునకు ద్రిప్పి కూర్చుండబెట్టినాడు. ఆమె చీర సవరించుకొని, నవ్వక, కెమెరావంక సూటిగా జూచినది. ఆ దినమున మరియొక చిత్రము తీయుటకు మా కెవ్వరికిని చేయి రాలేదు.

గుంటూరు చేరిన వెంటనే దానిని పెద్దదిగా అచ్చొత్తించి, చట్రము కట్టించి, టపాలో పంపితిమి. పది దినములకు ఆమె కుమారుడు ఫోనుచేసి, అది చేరినదనియు, గాలివాన వచ్చినను తడవకుండ పైకప్పు దూలమునకు దాపుగా వ్రేలగట్టితిమనియు చెప్పినాడు.