మూగవోయిన ల్యాప్‌టాప్



పొలమునకు నీరు రాకపోవుట యనగా నేమో మా కర్లపాలెము వైపువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. కృష్ణ పడమటి డెల్టాలో మేము కాలువ తుదనున్నవారము. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తియైన నాటనుండి, దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చిన పిదపను, నీరు ఎగువవారి నెల్ల తడిపి తుట్టతుదకు మా కడకు వచ్చును. మడి యెండినచో మా రైతు బ్యారేజి కూలెనని గుండె బాదుకొనడు. పార భుజమున వైచుకొని, బోదెగట్టు పట్టి యెగువకు నడచును. ప్రక్క చేనికి నీరు పారుచున్నదా? తూము మూసియున్నదా? పిల్లకాలువ పూడినదా? పైన లాకు దించిరా? నీరున్న చోటును, నీరు లేని చోటును కనుగొన్న పిమ్మట ఆ రెంటి నడుమ అడ్డు దొరకును. తార్కికులు దీనిని అన్వయవ్యతిరేకములందురు. మా రైతులు దీనికి పేరే పెట్టలేదు.

నేడు నేను చెప్పబోవునది, లినక్సు పద్ధతిపై నడచు ల్యాప్‌టాప్ పలుకుట మానినప్పుడు ఏమి చేయవలెనో ఆ సంగతి. ముసలివారికి ఇది యెందుకని కొందఱనవచ్చును. దూరదేశమున నున్న పిల్లల మాట ఇప్పుడు ఈ యంత్రమునుండియే వచ్చుచున్నది. చూపు తగ్గినవారికి పుస్తకము చదివిపెట్టుచున్నదియు నిదియే. అది మూగవోయినచో ఇంటిలో నొక మనిషి పలుకు మానినట్లుండును.

లినక్సు సంగతి రెండు మాటలలో ముగింతును. ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దీని మూలమును వ్రాసి లోకమునకు విడిచిపెట్టెను. దీనికి వెల లేదు. పాతబడిన యంత్రములపై గూడ చక్కగా నడచును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ డెబియన్ అను లినక్సు నాధారముగా గొని, తెలుగు మాటలతో నొక పద్ధతిని కూర్చినది. పల్లెలలో ఎవరో యిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లకు ప్రాణము పోయుటకు ఇంతకంటె చవుకయైన ఉపాయమును నేనెఱుగను.

ఇక ధ్వని నడచు త్రోవ. మనము పెరిగిన నాటి రేడియో పెట్టెకు ధ్వని త్రిప్పు బొత్తాము ఒక్కటే యుండెడిది. ఈ యంత్రమునకు అట్టివి నాలుగైదు గలవు. వానిలో సగము కంటికి కనబడవు. చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఎగువన పాటనో మాటనో వినిపించు ప్రోగ్రాము గలదు. దానిలోనుండి ధ్వని అంకెల ప్రవాహముగా బయలుదేరును. సాధారణముగా సెకనునకు 48,000 అంకెలు, కుడిచెవి కొకటి, ఎడమచెవి కొకటిగా రెండు పాయలు. దానిని అందుకొని ఏ పాయను ఏ దిక్కునకు విడువవలెనో నిర్ణయించు లస్కరు ఒకడున్నాడు. వాని పేరు పైప్‌వైర్. విమ్ టేమన్స్ దీనిని ఆరంభించెను. 2021లో ఫెడోరావారును, 2022 అక్టోబరులో ఉబుంటువారును దీనిని తమ వాడుకపద్ధతిగా గైకొనిరి. అంతకుముందటి యంత్రములలో ఈ కొలువు పల్స్ ఆడియో అనువానిది. దానికి దిగువ ఆల్సా అనునది గలదు. జరోస్లవ్ కిసెలా 1998లో మొదలిడిన యీ పని 2003 నాటికి లినక్సు మూలములోనే భాగమయ్యెను. ఇది లస్కరు చెప్పిన నీటిని ధ్వనికార్డునకు చేర్చు తూము. ఆ కార్డులో కోడెక్ అను చిన్న చిప్పు అంకెలను విద్యుత్తరంగములుగా మార్చును. అచ్చటినుండి యాంప్లిఫయరు, తుదకు స్పీకరు. కోడెక్ వద్దనే కాలువ రెండుగా చీలి, ఒక బోదె స్పీకరునకును, మఱియొకటి హెడ్‌ఫోను రంధ్రమునకును పోవుచున్నదని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు.

మా మండలముననే నాకొక మిత్రుడు గలడు. నాతోపాటు బడిపంతులు పని చేసి విరమించినవాడు. ఆరేండ్ల క్రిందట చూపు పూర్తిగా పోయినది. ఆయన ల్యాప్‌టాప్‌లో ఓర్కా అను చదువరి ప్రోగ్రాము గలదు. తెరమీది యక్షరములను అది ఈస్పీక్ అను కంఠముచే తెలుగున చదివించును. కంఠము బహు మొద్దు. దీర్ఘములను దీర్ఘములుగా పలుకునుగాని భావ మెఱుంగదు. తాటియాకు గీచిన చప్పుడని మొదట నవ్వుకొంటిమి. పదిదినములలో చెవులు సర్దుకొన్నవి. సాయంకాలమగుసరికి ఆ యింటి అరుగుమీద ఐదాఱుగురు వృద్ధులు చేరుదురు. తెలుగు వికీమూలములోనుండి పూర్వపు పుస్తకముల నొక్కొక్క ప్రకరణముగా యంత్రము చదువును. మధ్యమధ్య మిత్రుడాపి వ్యాఖ్యానము చేయును. చూపు పోయిన పిదప ఆయన పాఠము చెప్పుట యిట్లు మఱల మొదలయినది.

ఒకనాడు స్పీకరు మూగవోయినది. హెడ్‌ఫోను చెవికి తగిలించినచో మాట వినబడును. తీసినచో నిశ్శబ్దము. ఆయన మట్టుకు ఆయన వినగలడు, ఇరుగుపొరుగువారికి లేదు. అరుగు ఖాళీ యయ్యెను. పట్టణములో నొక అంగడికి పంపగా, లోపలి బోర్డు మార్చవలెననియు, లేనిచో లినక్సును తీసివైచి వేఱు పద్ధతి నెక్కింపవలెననియు చెప్పి పంపిరి. ఆ వెల ఆయన నెలపింఛనులో సగమునకు మించినది. వేఱు పద్ధతి యెక్కించినచో ఆయన కలవాటైన మీటలన్నియు మారిపోవును. అరువదియెనిమిదవ యేట అంధుడు మీటలను మఱల వల్లెవేయుట యెంత కష్టమో యోచింపుడు.

ఇచ్చట రైతు తర్కమును ప్రయోగించి చూడుడు. హెడ్‌ఫోనులో మాట వచ్చుచున్నది. అనగా ప్రక్క చేనికి నీరు పారుచున్నది. ప్రోగ్రాము మంచిది, పైప్‌వైర్ మంచిది, ఆల్సా మంచిది, కోడెక్ మంచిది. బోర్డు మార్చుటకుగాని లినక్సును తీసివైచుటకుగాని హేతువే లేదు. అడ్డు చీలికకు దిగువ, స్పీకరు బోదెలో నున్నది. తెరమీది ధ్వని సెట్టింగులు చూచితిని. హెడ్‌ఫోను ఊడదీసి బల్లమీద పెట్టియున్నను, యంత్రము మాత్రము ధ్వని పోవు దిక్కు హెడ్‌ఫోన్స్ అనియే చూపుచున్నది. దానితో సగము వ్యాధి బయటపడినది.

కారణము వినుడు. హెడ్‌ఫోను రంధ్రములో సన్నని లోహపు స్ప్రింగు ఒకటి యుండును. మొన లోనికి పోగా అది కదలి, హెడ్‌ఫోను వచ్చినదని కోడెక్‌నకు తెలుపును. వెంటనే స్పీకరు నోరు మూయబడును. మొన తీసినచో స్ప్రింగు మఱల స్వస్థానమునకు రావలెను. రాత్రులు ఇంటివారికి నిద్రాభంగము కాకుండ ఆయన హెడ్‌ఫోను నిత్యము పెట్టి తీయుటచే అది అరిగినది. దానికి తోడు కుప్పనూర్పుల దుమ్ము, సూర్యలంక వైపునుండి వచ్చు ఉప్పుగాలి. స్ప్రింగు అంటుకొని, లేని హెడ్‌ఫోనును ఉన్నదని చెప్పుచుండెను. యంత్రము ఆ మాట నమ్మినది.

చికిత్స మొదట యంత్రము పూర్తిగా ఆర్పి చేయవలెను. రంధ్రములో గాలి బుడ్డితో ఊది, హెడ్‌ఫోను మొనను పదిసారులు పెట్టి తీయుట. సూదులు, పిన్నీసులు లోన పెట్టరాదు. దీనితో మిత్రుని యంత్రము నాలుగు దినములు పలికి మఱల మానినది. అరిగినదానికి ఊదుట చాలదు. అందుచే ఆ స్ప్రింగు మాట యంత్రము వినకుండ చేయవలసి వచ్చినది. దానికి ఆల్సామిక్సర్ అను పనిముట్టు గలదు.

టెర్మినల్ అను నల్లని కిటికీ తెఱచి, ఆంగ్లాక్షరములతో ఎ, ఎల్, ఎస్, ఎ, ఎమ్, ఐ, ఎక్స్, ఇ, ఆర్ అని యెడము లేకుండ వ్రాసి ఎంటర్ నొక్కినచో నిలువు స్తంభములు కనబడును. తొలుత ఒక్క స్తంభమే కనబడినచో కలత వలదు. అది లస్కరు ముఖము మాత్రమే. ఎఫ్-ఆఱు మీట నొక్కి అసలు కార్డును ఎన్నుకొనవలెను. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎమ్ అను స్తంభములు వరుసగా వచ్చును. ప్రతి స్తంభము క్రింద ఒక చిన్న గడి యుండును. దానిలో రెండు సున్నలున్నచో తూము తెఱచియున్నదని యర్థము. ఎమ్ ఎమ్ అని యున్నచో మూసియున్నది. బాణపు మీటతో ఆ స్తంభము చేరి, ఎమ్ అక్షరము నొక్కినచో తెఱచుకొనును. పై బాణముతో మట్టము పెరుగును. మిత్రుని యంత్రమున స్పీకర్ క్రింద ఎమ్ ఎమ్ కనబడెను. కుడివైపు తుదకు పోయినచో ఆటో-మ్యూట్ మోడ్ అను గడి గలదు. అది ఎనేబుల్డ్ అని యున్నంతకాలము స్ప్రింగు మాటయే చెల్లును. బాణముతో దానిని డిసేబుల్డ్ అని మార్చి, ధ్వని సెట్టింగులలో స్పీకర్స్ అనుదానిని చేతితో నెన్నుకొంటిమి. ఈ రెండింటిలో నొకటే చేసినచో చాలదు. ఆల్సా ఒక తలుపు, లస్కరు ఒక తలుపు. రెండును తెఱవవలెను. తెఱచిన తక్షణమే యంత్రము తన మొద్దుకంఠముతో, తెరమీద నేను నిలిచిన గడి పేరు పలికినది. మిత్రుడు, "వీడు నాకంటె పట్టుదల గలవాడు" అనెను. ఒక చిక్కు మిగిలినది. ఇప్పుడు హెడ్‌ఫోను పెట్టిన రాత్రి, దిక్కు మార్చుటయు ఆయన చేతితోనే చేసికొనవలెను. దాని కాయన ఒప్పుకొనెను.

అన్ని రోగములును ఇదియే యని నేననను. హెడ్‌ఫోనులోను, స్పీకరులోను రెంటను నిశ్శబ్దమైనచో ఎగువకు నడువవలెను. ముందు మీటలపై స్పీకరు బొమ్మ గల మ్యూట్ మీట నొకసారి నొక్కి చూడుడు. పసివాండ్రు ఆడుకొన్న యింటిలో సగము ఫిర్యాదులు అచ్చటనే తీరును. పిమ్మట ధ్వని సెట్టింగులలో దిక్కు చూడుడు. టీవీకి తీగ తగిలించి సినిమా చూచిన మఱునాడు దిక్కు హెచ్‌డీఎమ్‌ఐ యనియు, బ్లూటూత్ వాడినచో ఆ పేరును అట్లే నిలిచిపోవుట కలదు. ధ్వని ప్రక్క యింటికి పోవుచుండగా మన స్పీకరును నిందించి లాభమేమి?

ఆ సెట్టింగులలో డమ్మీ ఔట్‌పుట్ అను మాట యొక్కటే కనబడినచో విషయము వేఱు. లస్కరునకు అసలు కాలువయే కనబడలేదని దాని యర్థము. అప్పుడు టెర్మినల్‌లో ఎ, పి, ఎల్, ఎ, వై అని వ్రాసి, ఎడము విడిచి, అడ్డగీతయు, దాని కానుకొని చిన్న ఎల్ అక్షరమును చేర్చి ఎంటర్ నొక్కుడు. ఆల్సా యెఱిగిన కార్డుల పట్టిక వచ్చును. పట్టికలో కార్డున్నచో దోషము లస్కరుది. యంత్రమును పునఃప్రారంభించినచో పెక్కుమాఱులు వాడు మేలుకొనును. కార్డే లేకున్నచో దోషము ఆల్సాకును కార్డునకును నడుమ నున్నది.

ఈ తుది సందర్భమున, ఇటీవలి ఇంటెల్ యంత్రములు పెక్కింట ధ్వనికార్డు మేల్కొనుటకు ఫర్మ్‌వేర్ అను చిన్న వ్రాతను ముందుగా చదివింపవలసి యుండును. 2018లో బయలుపడిన సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఆ జాతిది. డెబియన్‌వారు తమ నియమనిష్ఠలచేత ఇట్టివాటిలో పెక్కింటిని చాలకాలము ప్రధాన ప్రతిలో చేర్చక విడిగా నుంచిరి. 2022లో ఓటు వేసికొని, 2023 జూనులో వచ్చిన పండ్రెండవ కూర్పునుండి స్థాపనప్రతిలోనే చేర్చుచున్నారు. అందుచే పాత కూర్పును క్రొత్త యంత్రముపై ఎక్కించినవారికి ఈ మూగతనము తఱచు. క్రొత్త కూర్పు ఎక్కించుటయే సులభోపాయము. కొన్ని క్రొత్త యంత్రములలో స్పీకరు యాంప్లిఫయరునకు సైతము తనదైన ఫర్మ్‌వేర్ కావలెను. అట్టివానిలో హెడ్‌ఫోను పలుకును, స్పీకరు పలుకదు. లక్షణము మిత్రుని యంత్రమువలెనే యున్నను ఆల్సామిక్సర్‌లో అన్నియు తెఱచియే కనబడును. అదియే భేదము.

ఒకే యంత్రమున విండోసును లినక్సును రెండునున్నవారికి ఇంకొక మాట. విండోసునుండి నేరుగా రీస్టార్ట్ చేసి లినక్సునకు వచ్చినచో కోడెక్ పాతస్థితిలోనే చిక్కుకొనుట కలదు. పూర్తిగా ఆర్పి, కొంతసేపు విడిచి, మఱల వెలిగింపవలెను. వైద్యమునకు ముందు లంఖణము వంటి దిది. దీనివలన నష్టము లేదు.

ధ్వని సన్నగా వచ్చుచున్నదని మట్టమును నూటికి మించి పెంచువారున్నారు. కొన్ని సెట్టింగులు దానికి వీలిచ్చును గాని ధ్వని చీలిపోవును, చిన్న స్పీకరునకు శ్రమ. అట్లే, ఎవరో ఎక్కడో వ్రాసిన ఆజ్ఞలను అర్థము తెలియక వ్రాసి మూలపు పత్రములు మార్చుట నాకు సమ్మతము కాదు. ఒకని యంత్రమును పలికించిన వాక్యము మఱియొకని యంత్రమును మూగగా చేయగలదు. ఛందస్సు తెలియనివాడు పద్యమును దిద్దినట్లుండును.

నిజముగా స్పీకరు పొర చిరిగినచో గరగర వినబడును. అప్పుడు మార్చవలసినది స్పీకరు మాత్రమే, బోర్డు కాదు. కోడెక్ చెడినను, యుఎస్‌బి రంధ్రమున తగిలించు చిన్న ధ్వనిపరికరము దొరకును. అది తన కార్డును తానే తెచ్చుకొనును గనుక లోపలి కాలువతో పని లేదు. బయటి స్పీకరును దానికి తగిలించుకొనవచ్చును.

ఇంతటితోను తేలకున్నచో స్వేచ్ఛవంటి సంస్థలలో పని చేయు పిల్లలను అడుగవలెను. వారు ఓపిక గలవారు. అడుగబోవునప్పుడు యంత్రము నమూనా పేరు, లినక్సు కూర్పు సంఖ్య, ఇందాక చెప్పిన కార్డుల పట్టిక, హెడ్‌ఫోను పలికినదా లేదా యను మాట, ఈ నాలుగును ఒక కాగితముమీద వ్రాసికొని పోవుడు. లేనిచో ముందు ఇవి చూచి రమ్మని వారు మిమ్ము ఇంటికి పంపెదరు.